గుప్తసేవ

పొద్దున్నే పొయ్యి రాజేసి, ఎసట్లో ఉప్పు వేద్దామని చెయ్యి చాపితే జాడీ ఉండాల్సిన చోట జాడీ లేదు. రత్నాలు గుండె ఝల్లుమంది. ఉప్పు జాడీకి గుండె ఝల్లుమనడమేమిటని ఎవరైనా నవ్వొచ్చు గాని ఆమె గుండె అటువంటిది. బయట కుక్క మొరిగినా ఝల్లుమంటుంది, మొరుగుతున్న కుక్క ఆగిపోయినా ఝల్లుమంటుంది.

"యర్రమ్మా, ఉప్పేదే?"

వెనక గుమ్మంలో కూర్చుని అడ్డాకులతో డొప్పలు కుడుతున్న యర్రమ్మ తల ఎత్తకుండానే, "సేవ సేసీసినారు," అంది.

రత్నాలు నిట్టూర్చి వెతకడం మొదలుపెట్టింది. ఉప్పు జాడీ పైఅరలో దొరికింది, తుడిచి, మూత మీద చిన్న గుడ్డ కప్పి. దాని పక్కనే చింతపండు, ఆ పక్కన కిరసనాయిలు సీసా, అన్నీ పొడుగు వరసలో బడిపిల్లల్లాగా నిలబడి ఉన్నాయి.

అరకు దాటి లోపలికి, కొండ వాలులో ఉన్న ఆ ఆశ్రమంలో ఏటా చలి తగ్గగానే మౌనశిబిరం పెడతారు. కింద సాలూరు నుంచి, పార్వతీపురం నుంచి, విజయనగరం నుంచి జనం వచ్చి, ఉగాది దాకా ఒక్క మాట మాట్లాడకుండా ఉంటారు. ధ్యానం చేస్తారు, తోటలో తవ్వుతారు, ఎవరి బట్టలు వాళ్లు ఉతుక్కుంటారు. దానితోపాటు ఆశ్రమం నడిపే అమ్మగారు పెట్టిన నియమం ఇంకొకటి ఉంది. రోజుకొక మంచిపని చెయ్యాలి. అది ఎవరి కంటా పడకూడదు. చేశానని చెప్పకూడదు. దాని పేరు గుప్తసేవ.

నియమం మంచిదే. పాపం వాళ్లూ మంచివాళ్లే. కాకపోతే అంతమందికీ సేవ చెయ్యాలనిపించగానే ముందుగా కళ్లకు కనబడేది వంటిల్లు. ఓసారి రత్నాలు చెప్పుల్ని ఎవరో కడిగి ఎండలో పెడితే అవి బిగుసుకుపోయి కాలికి ఎక్కలేదు. నిన్నయితే ఏళ్ల తరబడి నూనె తాగి నల్లగా నిగనిగలాడే అట్లపెనాన్ని ఎవరో పుణ్యాత్ములు ఇటుకపొడి వేసి తెల్లగా తోమేశారు. వేసిన అట్టు వేసినట్టే అతుక్కుపోయింది.

"అట్టు పెనాన్ని వదల్నంటాదేటే," అని రత్నాలు గరిటెతో కుస్తీ పడుతుంటే, "నీలాగేనప్పా. ఎవుల్నీ ఎల్లనివ్వదు," అని యర్రమ్మ పకపకా నవ్వింది.

ఆ మాట అబద్ధం కాదు. శిబిరం అయిపోయి జనం వెళ్లేటప్పుడు గేటు దాకా వెళ్లి చెయ్యి ఊపడం రత్నాలు వల్ల కాదు. బస్సు చప్పుడు వినబడగానే ఏదో పనున్నట్టు కొట్టుగదిలోకి దూరి, కడిగిన గిన్నెనే మళ్లీ కడుగుతుంది. వచ్చే ఏడు వస్తామంటారు. అందరూ రారు. పోయేవాళ్లను చూసి చూసి ఆమె కళ్లకు భయం పట్టుకుంది. రోజూ సాయంత్రం వెళ్లి పొద్దున్నే వచ్చేది ఒక్క యర్రమ్మే. కొండ పైనున్న ఊరి నుంచి కాలిబాటన దిగి వస్తుంది. ఆ బాటలో ఎర్రచీర కనబడ్డాక గాని రత్నాలుకు కాఫీ గొంతు దిగదు.

డొప్పలు కట్టగా పేర్చి యర్రమ్మ లేవబోతుంటే మేనేజరు దేవీప్రసాద్ లోపలికి వచ్చాడు. విజయనగరం కుర్రాడు. పోయినేడే చేరాడు. చేతిలో ఫోను, మెడలో మఫ్లరు, ముఖంలో ఎప్పుడూ ఏదో ఆలస్యమైపోతున్నట్టు ఉండే కంగారు.

"రత్నాలమ్మా, ఎల్లుండి ఉగాది. ముగింపు పంక్తిలో అందరూ ఉండాలి. అతిథులు, పనివాళ్లు, అందరూ." ఒక్క క్షణం ఆగి ఇటు తిరిగాడు. "యర్రమ్మా, నీకు ఈసారి కూడా జ్వరమేనా?"

"వొస్తే వొస్తాది బాబూ. సెప్పి వొస్తాదేటి జొరం?"

"చెప్పే వస్తోంది. ప్రతి ఉగాదికీ వస్తోందట, అందరూ చెప్పారు." అతను గొంతు పెంచలేదు. "ఒకే పాత్రలోని పచ్చడి అందరూ తిన్నాకే మౌనం ముగుస్తుందని అమ్మగారి నియమం. ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు మానేస్తే ఇక నియమం ఎందుకు? ఈసారి రాకపోతే కింద నుంచి వేరే మనిషిని పిలిపించుకుంటాను. ఆ తర్వాత నువ్వు రానక్కర్లేదు."

యర్రమ్మ చేతిలో మిగిలిన వెదురుపుల్లను రెండుగా విరిచి పొయ్యిలో పడేసింది.

రత్నాలు ఎసట్లో ఉప్పు రెండోసారి వేసేసింది.

*

ఆ మధ్యాహ్నం గాలి లేచింది. ఎండాకాలం మొదట్లో కొండల్లో అలాగే ఉంటుంది. అప్పటిదాకా ఆకు కదలదు, ఒక్కసారిగా ఎక్కడి నుంచో వచ్చి చెట్లను కుదిపేసి పోతుంది. నాలుగు చినుకులు కూడా పడ్డాయి. వెనక తోటలో కాఫీ మొక్కలు రాత్రికి రాత్రే పూసి కొమ్మకొమ్మకీ తెల్లటి ముద్దలు కట్టి ఉన్నాయేమో, ఆ తడికి వాసన వంటింట్లోకి వచ్చేసింది. రత్నాలు చీర కొంగు నడుముకు దోపి మామిడిచెట్ల కిందికి వెళ్లింది. నేలంతా పిందెలు. బొటనవేలంత కొన్ని, కోడిగుడ్డంత కొన్ని. ఒళ్లో పట్టినన్ని ఏరుకుంది. ఇవి దొరికితే చాలు, మనసులో ఎంత దిగులున్నా నోట్లో నీళ్లూరుతాయి.

ఒక పిందెను చెక్కు తీయకుండానే చీల్చి, ఉప్పూ కారం అద్ది, "ఇదిగోవే, నోరు తెరు," అని యర్రమ్మ ముఖం దగ్గరికి తెచ్చింది.

యర్రమ్మ వెనక్కి తగ్గింది. నిప్పు చూపించినట్టు తగ్గింది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"వొద్దప్పా."

"కారం ఎక్కువైందేటి?"

"వొద్దంతే."

రత్నాలు చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. యర్రమ్మ వెళ్లి గుమ్మంలో కూర్చుని, ఆకు ఒకటి తీసుకుని ఈనెలు పట్టి సాపు చేస్తూ మెల్లగా చెప్పింది.

"మాకు కొత్త అవనేదప్పా. మామిడి కొత్త. దిసారి రోజు సెప్పాల. ఆ నాడు ఊరందరం కాయలు కోసి, ముందు కొండకీ, పెద్దలకీ పెట్టి, అప్పుడు తింటాం. అందాక మామిడికాయ నోట పెట్టం. సిన్నపిల్లలైనా పెట్టరు."

దిసారి అంటే వాళ్ల ఊళ్లో మంచిచెడ్డలు చూసి రోజులు చెప్పే పెద్దమనిషి. ఆ సంగతి రత్నాలుకు తెలుసు. ఇది తెలియదు. ఇన్నేళ్లు ఒకే పొయ్యి దగ్గర పొగ తాగుతూ కూడా తెలియలేదు.

"తింటే ఏటవుద్దే?"

"ఏటీ అవదేమో. అయితే మాత్రం నాకొక్కదానికే అవదు, ఊరికవుద్ది. రేపు ఊళ్లో ఏ గుంటకి జొరమొచ్చినా, ఏ గుంటడు సెట్టు మీంచి పడ్డా, నానే అనుకుంటాను." ఆకు మీద ఆకు పెట్టి పుల్ల గుచ్చింది. "ఉగాది పచ్చట్లో మీరు మామిడికాయ ఏస్తారు కదా."

అప్పటికి గాని రత్నాలుకు తట్టలేదు. ప్రతి ఉగాదికీ వచ్చే ఆ జ్వరం! ఆ రోజంతా తను ఇక యర్రమ్మ రాదేమోనని, ఏ రోగం ముదిరిందోనని కొండ బాట వైపు చూస్తూ పచ్చడిలో చేదు కూడా తెలియకుండా మింగుతుంది.

"ఓసి నీ దుంప తెగ! ఆ మాట సెప్పొచ్చు కదే? ఎవులు కాదంటారు?"

"ఎలాగ సెప్పీది? రోజూ మీ ఇంట తింటన్నాను. పండగనాడు మీ గిన్నెలోది తిననని ఎలాగంటాను? తినను అనీకన్నా జొరం అనీడం సులువు." ఒకసారి రత్నాలు వైపు చూసి, "నువ్వు ఎవులికీ సెప్పకప్పా," అంది. "నాకోసం నియమం మార్చినారు అని మాటొస్తే, అదీ బాగోదు. ఆ బాబు మనిషిని తెచ్చుకుంటానంటే తెచ్చుకోనీ."

తెచ్చుకోనీ అంటూనే పుల్ల గుచ్చిన చోటే మళ్లీ గుచ్చింది.

రత్నాలు పప్పు పొంగి పొయ్యిలో పడుతున్నా చూసుకోలేదు. ఆమె జీవితంలో ఎవరినీ ఎదిరించి ఎరగదు. పెద్దవాళ్లు చెప్పిన వంటలో ఒక మెంతిగింజ తగ్గించి ఎరగదు. అటువంటిది వచ్చి యర్రమ్మ ముందు గొంతుక్కూర్చుంది.

"నువ్వు రా. మామిడికాయ ఎయ్యను."

"మామిడికాయ నేకుండా ఉగాది పచ్చడేటి?"

"వగరుకీ పులుపుకీ ఉసిరికాయేస్తాను. ఉసిరికి మీకేటైనా ఉందా?"

"ఉసిరికేటుంది, ఎప్పుడైనా తింటాం. కొండ మీద సెట్టున ఇంకా నాలుగు మిగిలే ఉన్నాయి."

"అయితే అయ్యే అట్టుకురా. బెల్లం, చింతపండులో కలిపీసి నల్లగా సేసీస్తే ఎవులికి తెలుస్తాది? నా మీద ఒట్టు, యర్రమ్మా. నువ్వు తినీదాంట్లో మామిడి ముక్క ఉండదు."

యర్రమ్మ ఆమె ముఖంలోకి చూసింది. ఒట్టు వేసిన మనిషి గడ్డం వణుకుతోంది.

"సరే, వొస్తాను," అంది.

*

ఉగాది ముందునాడు వంటింట్లో ఊపిరి సలపని పని. కింద ఊళ్ల నుంచి తెచ్చిన వేపపూత ఎండబెట్టి ఉంది. దాన్ని అరచేతుల మధ్య మెత్తగా నలిపి, చేటలో పోసి చెరిగితే కాడలు ముందుకు పోతాయి, రేకులు వెనక నిలుస్తాయి. గట్టిగా నలిపితే పొడైపోతుంది. యర్రమ్మ చెరుగుతుంటే రత్నాలు బెల్లం దిమ్మను గుడ్డలో చుట్టి రోకటిబండతో కొట్టింది. చింతపండు నానేసింది. యర్రమ్మ కొంగున కట్టి తెచ్చిన ఉసిరికాయల్ని సన్నగా తరిగింది.

కూరలు తరగడానికి రోజూ వచ్చే శిబిరం మనిషి ఒకావిడ ఉంది. బిందుమాధవి అని, సాలూరులో టీచరు. నలభై దాటి ఉంటాయి. మాట్లాడకూడదు గనక గుమ్మానికి వేలాడదీసిన పలక మీద రాస్తుంది, "బీరకాయ చేదు చూశాను" అని, "ఈరోజు సాంబారు అమృతం" అని. ఆ పలక మీది రాతలు చదివీ చదివీనే రత్నాలుకు చదవడం వచ్చింది. ఇప్పుడు బెల్లం చుట్టి వచ్చిన కాగితమైనా వదలదు.

బిందుమాధవి ఆ సాయంత్రం పళ్లేల్లో సర్దిన సరుకుల ముందు ఆగింది. బెల్లం, చింతపండు, వేపపూత, ఉప్పు, మిరప. ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయి, చివర తడుముకుంది. తట్టల మూతలు ఎత్తి చూసింది. రత్నాలుకు చెమటలు పట్టాయి. ఆవిడ పలక వైపు ఒక అడుగు వేసింది గాని, ఎందుకో ఆగి, రత్నాలును చూసి చిరునవ్వు నవ్వి వెళ్లిపోయింది.

"మౌనం ఎంత మంచిదే," అని రత్నాలు ఊపిరి వదిలింది.

*

ఉగాదినాటి పొద్దున్న కొండ మీద మంచు ఇంకా విడలేదు. ఆ మంచులోంచి ఎర్రచీర కాదు, పసుప్పచ్చ చీర దిగివచ్చింది. తలకు నూనె రాసి నున్నగా దువ్వుకుని, కొప్పులో ఏదో అడవిపువ్వు పెట్టుకుంది యర్రమ్మ.

"పెళ్లికొచ్చినట్టొచ్చినావేటే!"

"మొదటిపాలి కదప్పా, మీ పంక్తి."

రత్నాలు ఇత్తడి గుండిగలో పచ్చడి కలిపింది. దేవుడికి పెట్టకుండా రుచి చూడకూడదు గనక చూడలేదు. మూత పెట్టి, యర్రమ్మను డొప్పలు తీసుకుని హాల్లోకి వెళ్లమని చెప్పి, తను స్నానం చేసి ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. వచ్చేసరికి పొయ్యి ముందు తుడిచి ఉంది. గరిటె కడిగి బోర్లించి ఉంది. ఈ చివరిరోజు కూడా సేవేనా అనుకుని నవ్వుకుని, దేవీప్రసాద్‌తో కలిసి గుండిగ చెరొక వైపు పట్టుకుని హాల్లోకి మోసుకెళ్లింది.

ముగింపు రోజు మేనేజరే వడ్డించాలి. వంటమనిషి అమ్మగారి పక్కన పీట మీద కూర్చోవాలి. అదీ అక్కడి పద్ధతి. అమ్మగారు సత్యకుమారి పలచటి మనిషి, ఎనభైకి దగ్గర. రత్నాలును చూసి పీట మీద చెయ్యి వేసి, రా అన్నట్టు తట్టింది. హాలు ఆ చివర నుంచి ఈ చివర దాకా పొడుగాటి పంక్తి. చిట్టచివర, తలుపు దగ్గర, పసుప్పచ్చ చీర.

దేవీప్రసాద్ ఒక్కొక్క డొప్పలోనూ గరిటె ఒంచుకుంటూ వెళ్లాడు. చివరికి వచ్చి యర్రమ్మ డొప్పలో వేసినప్పుడు అతని ముఖంలో కంగారు లేదు. తన మాట చెల్లిందని కాదు, ఆవిడ వచ్చినందుకే సంతోషించినట్టున్నాడు. అది రత్నాలు అంత దూరం నుంచీ చూసింది. చూసి, హమ్మయ్య అనుకుని, తన డొప్ప చేతిలోకి తీసుకుంది.

నల్లటి పచ్చడిలో దారప్పోగంత సన్నటి ముక్క. పక్కన ఇంకొకటి. లేత ఆకుపచ్చ అంచు, లోపల తెలుపు.

ఉసిరి కాదు. ఆమె వేలితో తీసి చూడక్కర్లేదు. వాసన ముక్కుకు తగిలింది.

అమ్మగారు డొప్ప పెదాల దాకా ఎత్తింది. అదే సైగ. పంక్తి పొడుగునా డొప్పలన్నీ లేచాయి. తలుపు దగ్గర యర్రమ్మ కూడా రెండు చేతులతో డొప్ప ఎత్తి, కళ్లు మూసుకుంది.

"యర్రమ్మా! తినకే! మామిడికాయుంది! తినకు!"

అన్నాళ్లూ పిచ్చుక తప్ప ఎవరూ నోరు విప్పని హాలు అది. ఆ కేక గోడలకు తగిలి తిరిగి వచ్చింది. ఎవరి చేతిలోదో డొప్ప జారి నేల మీద పడింది. యర్రమ్మ కళ్లు తెరిచింది. డొప్ప పెదాలకు తగిలీ తగలకుండా ఉంది. దాన్ని మెల్లగా కింద పెట్టింది. పెదాలు కొంగుతో ఒకసారి, మళ్లీ ఒకసారి తుడుచుకుంది. తర్వాత రత్నాలు వైపు చూసింది.

ఆ చూపు రత్నాలు భరించలేకపోయింది. పీట మీంచి లేచి నిలబడింది. "నాను ఎయ్యనేదే," అంది, ఏడుపు గొంతుతో. "ఒట్టు. ఎలాగొచ్చిందో తెల్దు."

దేవీప్రసాద్ గరిటె పట్టుకుని హాలు మధ్యలో నిలబడిపోయాడు. "ఏమైంది? మామిడికాయ ఉంటే ఏమిటి? ఉగాది పచ్చడి కదా!"

అప్పుడు పంక్తి మధ్యలోంచి ఒక చెయ్యి లేచింది. బిందుమాధవి. ముఖం కందిపోయింది. ఇన్నాళ్లుగా వాడని గొంతు మొదట పెగల్లేదు.

"నేనండీ. మామిడికాయ లేదు, రత్నాలమ్మగారు మర్చిపోయారేమో అనుకున్నాను. పలక మీద రాస్తే ఆవిడ నొచ్చుకుంటారని... తోటలో గాలికి రాలిన కాయలు ఏరుకొచ్చాను. సన్నగా తరిగి కలిపేశాను. సేవ అనుకున్నానండీ."

అమ్మగారు డొప్ప కింద పెట్టింది. చేత్తో అందరినీ కూర్చోమంది. యర్రమ్మ వైపు చూసి, "నువ్వు చెప్పమ్మా," అంది.

యర్రమ్మ లేచి నిలబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొప్పు సర్దుకుంది. వెనక గుమ్మంలో కూర్చుని చెప్పిన మాటలే చెప్పింది, ఇంకా పొట్టిగా.

"ముందే చెప్పొచ్చు కదా!" అన్నాడు దేవీప్రసాద్.

"మీరు జొరమా అనడిగినారు, అవునన్నాను. ఇంకేటి అని అడగనేదు కదా బాబూ."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. దేవీప్రసాద్ చేతిలోని గరిటె వైపు చూసుకున్నాడు.

"ఒకే పాత్రలోది అందరూ తినాలని పెట్టింది నేనే," అంది అమ్మగారు. "అందరం ఒక్కటనిపించాలని పెట్టాను. దానివల్ల ఒక మనిషి ఏటేటా ఇంట్లో పడుకోవాల్సి వచ్చిందంటే, ఇక ఈ పచ్చడి తీసేద్దాం. రత్నాలూ, ఈ గుండిగ లోపలికి..."

"వొద్దమ్మా," అంది యర్రమ్మ.

అమ్మగారి మాటకు అడ్డు వచ్చిన మనిషిని ఆ హాల్లో ఎవరూ చూసి ఎరగరు.

"మీ పండగ పచ్చడి మీరేల మానీడం? మీరు తినండి. నాను కూకుంటాను." డొప్ప చేత్తో పట్టుకుని, పంక్తి వెంబడే నడిచి వచ్చి, దాన్ని రత్నాలు ముందు పెట్టింది. తర్వాత రత్నాలు పీట పక్కన నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "తినకుండా కూకుంటే పంక్తి కాదేటమ్మా?"

అమ్మగారు ఆమెను చూసింది. పంక్తి పొడుగునా చూసింది.

"అవుతుంది," అంది. "ఎందుకు కాదు? నాకే తోచలేదు."

డొప్పలు మళ్లీ లేచాయి.

*

మధ్యాహ్నం బస్సు వెళ్లాక వంటిల్లు ఖాళీగా ఉంది. పొయ్యిలో బూడిద చల్లారుతోంది. యర్రమ్మ గుండిగను బోర్లించి చింతపండు తుక్కుతో తోముతుంటే రత్నాలు వెనక మెట్టు మీద కూర్చుంది, తన డొప్ప ఒళ్లో పెట్టుకుని. హాల్లో ముద్ద దిగలేదు ఆమెకు.

"అలాగరిసీసినావేటప్పా," అంది యర్రమ్మ. "మామిడికాయ తింటే ఏటవునో నాకు తెల్దు గాని, నీ కేకకే సచ్చిపోదును."

"నా మీద కోపం నేదా?"

"ఎందుకు కోపం? సేవ సేసినావు. కాకపోతే ఊరందరికీ ఇనబడింది."

దేవీప్రసాద్ మెట్ల దగ్గరికి వచ్చాడు. ఏదో చెప్పాలని వచ్చి, మఫ్లరు తీసి మళ్లీ చుట్టుకున్నాడు. "యర్రమ్మా, మీ కొత్త ఎప్పుడు?"

"దిసారి సెప్పాల బాబూ. కాయలో టెంక కట్టినాక సెప్తాడు. ఆ నాడు మాత్రం నాను పనికి రాను."

"జ్వరమా?"

"పండగ."

అతను నవ్వేశాడు. "పండగని చెప్పే మానెయ్యి. ఆ రోజు గిన్నెలు నేను కడుగుతాను." వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "పెనం మాత్రం తోమను," అన్నాడు.

అతని అడుగుల చప్పుడు పోయాక కూడా ఇద్దరూ కాసేపు నవ్వుకున్నారు. తోటలోంచి కాఫీ పూల వాసన వస్తోంది. యర్రమ్మ చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని వచ్చి మెట్టు మీద పక్కన కూర్చుంది.

"తినప్పా. పండగనాడు అలాగ ఒళ్లో పెట్టుకోకూడదు."

"నువ్వు తినకుండా నానెలాగ..."

"మళ్లీ మొదలెట్టినావా? తిను."

రత్నాలు డొప్ప ఎత్తి ఒక గుక్క నోట్లోకి ఒంపుకుంది. చేదు తగిలింది, తీపి తగిలింది, ఆ వెనక మామిడి ముక్క పంటి కింద కరకరమని పులుపు చెవుల దాకా పాకింది. ఒక కన్ను మూసుకుపోయింది. యర్రమ్మ ఆ ముఖాన్నే, ఆ నమిలే దవడనే, చిన్నపిల్లలా చూస్తోంది.

"పుల్లగుందేటి?"

"పుల్లగుంది. నువ్వు సూడకే అలాగ, నోరూరుద్ది."

యర్రమ్మ గుటక వేసి, నవ్వింది.

"ఊరనీ. నోరూరీదానికి దిసారి సెప్పక్కర్నేదు."